యాభై అయిదు దాటాక లైసెన్స్ రెన్యువల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్ గురించే. రాసినవాళ్లు పెద్ద వయసువాళ్లు, లేదంటే వాళ్ల పిల్లలు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నా వయసు 67. లైసెన్స్ గడువు తీరి అయిదు నెలలైంది. ముప్పై రోజులు వెసులుబాటు ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాను, తర్వాత మర్చిపోయాను. ఇప్పుడు మళ్లీ ఎల్ఎల్ఆర్ నుంచి మొదలుపెట్టాలా? - తెనాలి పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. గడువు తీరిన ఏడాది లోపు దరఖాస్తు పెడితే టెస్టు లేకుండానే రెన్యువల్ అవుతుంది. ఏడాది దాటితే మాత్రం ట్రాక్ మీద డ్రైవింగ్ టెస్టు పాసవ్వాలి. మీకు ఇంకా ఏడు నెలలు ఉన్నాయి. అయితే ఆ ఏడు నెలలూ బండి నడపవచ్చని కాదు. మీరనుకున్న ముప్పై రోజుల వెసులుబాటు పాత చట్టంలో ఉండేది. 2019 సవరణలో దాన్ని తీసేశారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి గడువు తీరిన మర్నాడే లైసెన్స్ లేనట్టు లెక్క. పట్టుబడితే చట్టంలో 5,000 రూపాయల జరిమానా ఉంది. లైసెన్స్ లేని మనిషికి బండి ఇచ్చినందుకు యజమానికి మరో 5,000. అంతకన్నా పెద్ద దెబ్బ ఇన్సూరెన్స్‌ది. ప్రమాదం జరిగితే మీ కారు మరమ్మతు క్లెయిమును కంపెనీ తిరస్కరించవచ్చు. అవతలివాళ్లకు నష్టపరిహారం కట్టి, ఆ మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేసుకునే వీలూ దానికి ఉంది.

గడువు లెక్క కూడా చాలామందికి తికమకగా ఉంది. సొంత బండ్ల లైసెన్స్‌కు ఇప్పుడున్న లెక్క ఇది: తీసుకునేనాటికి ముప్పై నిండకపోతే నలభై ఏళ్లు వచ్చేవరకు, ముప్పై నుంచి యాభై లోపువారికి పదేళ్లు, యాభై నుంచి యాభై అయిదు లోపువారికి అరవై నిండేవరకు, యాభై అయిదు నిండినవారికి ప్రతిసారీ అయిదేళ్లు. పాత కార్డుల మీద పడ్డ తేదీ పాత లెక్క ప్రకారం వేసింది. అందుకే ఇంట్లో ఇద్దరి కార్డుల గడువులు పొంతన లేకుండా కనిపిస్తాయి. పక్కవాళ్ల కార్డు చూసి మీ తేదీ ఊహించుకోకండి.

గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. కానీ మరీ తొందరపడటంలోనూ చిన్న నష్టం ఉంది. చట్టం ప్రకారం కొత్త గడువు రెన్యువల్ చేసిన రోజు నుంచి మొదలవుతుంది. పది నెలలు ముందే చేయించుకుంటే ఆ పది నెలలూ పోయినట్టే. రికార్డులన్నీ సరిగ్గా ఉన్నవారికి రెండు మూడు నెలల ముందు చాలు. పాత పుస్తకం లైసెన్స్ ఉన్నవారు, వేరే జిల్లాకో రాష్ట్రానికో మారినవారు, ఆధార్‌లో పేరు తేడా ఉన్నవారు పూర్తి ఏడాది ముందే కదలాలి. ఎందుకో తర్వాతి జవాబులో చెబుతాం.

ఖర్చు: కేంద్ర నిబంధనల ప్రకారం రెన్యువల్‌కు 200, స్మార్ట్ కార్డుకు 200. గడువు దాటితే రెన్యువల్ రుసుము 300 అవుతుంది. ఆలస్యమైన ప్రతి ఏడాదికీ, ఏడాదిలో కొంత భాగమైనా సరే, 1,000 చొప్పున అదనం. వీటికి రాష్ట్రం సేవా రుసుము, పోస్టు ఖర్చు కలిసి తెర మీద మొత్తం కనిపిస్తుంది. దానికి మించి అడిగినవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వనవసరం లేదు.

ప్రశ్న: మావారు 1986లో హైదరాబాద్‌లో లైసెన్స్ తీసుకున్నారు. చిన్న పుస్తకం లాంటిది. ఉద్యోగ విరమణ తర్వాత విజయవాడలో స్థిరపడ్డాం. ఇక్కడ ఆన్‌లైన్‌లో నంబరు కొడితే వివరాలు లేవంటోంది. హైదరాబాద్ వెళ్లమని ఇక్కడ, ఆంధ్రలోనే చేయించుకోమని అక్కడ చెబుతున్నారు. మూడు నెలలుగా తిరుగుతున్నాం. - విజయవాడ పాఠకురాలు

జవాబు: మీ బాధ న్యాయమైనది. తప్పు మీది కాదు. పెద్దవాళ్ల రెన్యువల్ ఎక్కువగా ఆగేది సరిగ్గా ఇక్కడే. కంప్యూటర్లు రాకముందు ఇచ్చిన లైసెన్స్ వివరాలు ఆఫీసు రిజిస్టరులో చేతిరాతతో ఉంటాయి. వాటిని ఎవరైనా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అప్పటిదాకా పోర్టల్ దృష్టిలో ఆ లైసెన్స్ లేదు. దీన్నే ఆఫీసుల్లో బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. రిజిస్టరు ఏ ఆఫీసులో ఉందో ఆ ఆఫీసే అది చేయగలదు. మీ విషయంలో 2014 విభజన కూడా తోడైంది. హైదరాబాద్ ఆఫీసులు ఏపీ 9, ఏపీ 10 లాంటి నంబర్లతో ఇచ్చిన పాత లైసెన్సుల రిజిస్టర్లు ఇప్పుడు తెలంగాణ రవాణా శాఖవి. నంబరు మీద ఏపీ అని ఉన్నంత మాత్రాన ఆంధ్రప్రదేశ్ రికార్డుల్లో దొరకదు. పైగా తెలంగాణ చాలా ఏళ్లు దేశవ్యాప్త సారథి పోర్టల్‌లో చేరకుండా సొంత వ్యవస్థ నడిపింది. అందుకే ఒకచోటి వివరాలు ఇంకోచోట కనిపించకపోవడం మామూలైంది.

ముందు ఒక పరీక్ష చేయండి. నంబరు కొట్టే తీరు వల్ల కూడా వివరాలు లేవని వస్తుంది. ఇప్పటి పద్ధతిలో రాష్ట్రం అక్షరాలు రెండు, ఆఫీసు అంకెలు రెండు, సంవత్సరం నాలుగు అంకెలు, తర్వాత ఏడు అంకెల వరుస సంఖ్య ఉంటాయి. మీ పుస్తకంలో 4521/1986 అని ఉంటే వరుస సంఖ్యకు ముందు సున్నాలు చేర్చి 0004521గా కొట్టి చూడండి. పుట్టినతేదీ పుస్తకంలో ఉన్నదే ఇవ్వాలి, ఆధార్‌లోది కాదు. అప్పటికీ రాకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ తప్పదు.

దానికి లైసెన్స్ ఇచ్చిన హైదరాబాద్ ఆఫీసుకే వెళ్లాలి. పుస్తకం అసలు ప్రతి, ప్రతి పేజీ జిరాక్సు, ముఖ్యంగా పాత రెన్యువల్ ముద్రలున్న పేజీలు, ఆధార్, పుట్టినతేదీ రుజువు, రెండు ఫొటోలు పట్టుకెళ్లండి. ‘రెన్యువల్ కావాలి’ అని అడిగితే ఆంధ్రకు పొమ్మనే జవాబే మళ్లీ వస్తుంది. ‘పాత లైసెన్స్ వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించి, లైసెన్స్ ఎక్స్‌ట్రాక్ట్ (రికార్డు నకలు) ఇవ్వండి’ అని రాసిన దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. మీ మూడు నెలల తిరుగుడు ఈ ఒక్క మాట తేడాతో ఆగే అవకాశం ఉంది. ఎంట్రీ అయ్యాక విజయవాడలో చిరునామా మార్పు, రెన్యువల్ రెండూ ఒకే దరఖాస్తులో పెట్టండి. ఇచ్చిన ఆఫీసు వేరైనా రెన్యువల్ చేయవచ్చని చట్టమే చెబుతోంది. చేసిన ఆఫీసు ఆ సంగతి పాత ఆఫీసుకు తెలియజేస్తే సరిపోతుంది.

1939 నాటి పాత చట్టం కింద ఇచ్చిన లైసెన్స్ చెల్లదని ఎవరైనా అంటే నమ్మకండి. ఇప్పటి మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఇచ్చినవాటిని ఈ చట్టం కింద రెన్యువల్ చేయవచ్చని అందులోనే ఉంది. ఎంట్రీ చేసేటప్పుడు పక్కన కూర్చుని, పుస్తకంలో మోటారు సైకిల్, మోటారు కారు రెండూ ఉంటే రెండూ ఎక్కాయో లేదో చూసుకోండి. ఒకటి జారిపోతే దాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకో తిరుగుడు.

ప్రశ్న: లైసెన్స్‌లో పొడి అక్షరాలతో పేరు, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. పుట్టినతేదీ ఆధార్‌లో జనవరి 1 అని పడింది. వేలిముద్రలు కూడా సరిగా పడటం లేదు. దరఖాస్తు మూడుసార్లు వెనక్కి వచ్చింది. - నంద్యాల పాఠకుడు

జవాబు: మూడింటికీ మూడు వేరు మార్గాలు. పేరు తేడా చిన్నదైతే, అంటే పొడి అక్షరాలు విడమరిచినంత మాత్రమే అయితే, ఆధార్ ఓటీపీతో చేసే దరఖాస్తు వదిలేసి మామూలు పద్ధతిలో పెట్టండి. పాన్ కార్డో పాస్‌పోర్టో జతచేసి కౌంటరులో అసలు ప్రతులు చూపిస్తే చాలా చోట్ల సరిపోతుంది. ఇంటి నుంచే పూర్తయ్యే ఆధార్ పద్ధతిని 2021 మార్చిలో తెచ్చారు. రికార్డులు అక్షరం పొల్లుపోకుండా సరిపోలే వారికి అది ఎంతో మేలు. సరిపోలని వారిని మాత్రం మళ్లీ మళ్లీ వెనక్కి పంపుతుంది.

పుట్టినతేదీ దగ్గర జాగ్రత్త. ఆధార్‌లో దాన్ని ఒక్కసారే మార్చుకోనిస్తారు. కంగారులో మార్చి మళ్లీ తప్పు పడితే సరిచేయడం చాలా కష్టం. ముందు మీ పదో తరగతి సర్టిఫికెట్, పెన్షన్ కాగితాలు, పాస్‌పోర్టు, లైసెన్స్ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. వాటన్నిటిలో ఒకే తేదీ ఉండి ఆధార్ ఒక్కటే వేరైతే ఆధార్‌ను మార్చండి. లైసెన్స్ ఒక్కటే వేరైతే రెన్యువల్‌తో పాటు లైసెన్స్‌లోనే దిద్దుబాటు అడగండి.

వేలిముద్రలు పడకపోవడం వయసుతో వచ్చేదే. చర్మం పొడిబారి గీతలు అరుగుతాయి. గోరువెచ్చని నీళ్లతో చేతులు కడిగి, తుడుచుకుని, కొంచెం కొబ్బరినూనె రాసి, పైన జిడ్డు తుడిచేసి ప్రయత్నించండి. పది వేళ్లలో ఏది బాగా పడుతుందో ఆధార్ కేంద్రంలో ఒకసారి చూయించుకుని గుర్తుపెట్టుకోండి. అన్నిటికన్నా ముందు, ఆధార్‌కు మీ సొంత ఫోన్ నంబరు కలిపి ఉందో లేదో చూడండి. పదేళ్ల క్రితం కొడుకు వాడి వదిలేసిన నంబరుకు ఓటీపీ వెళుతూ ఉంటే ఏ పద్ధతీ ముందుకు సాగదు.

చేతులు వణకడం వల్ల సంతకం మారినవారు ఆ విషయం దరఖాస్తులోనే ఒక వాక్యం రాసి, ఇకపై పెట్టగలిగిన సంతకమే పెట్టండి. పాత సంతకాన్ని చూసి గీయడానికి ప్రయత్నిస్తే రెండూ కలవవు.

ప్రశ్న: నాన్నగారికి 71 ఏళ్లు. షుగర్ ఉంది. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఫారం 1ఎ మీద సంతకం పెట్టడానికి మా డాక్టరుగారు వెనకాడుతున్నారు. ఆఫీసు బయట డబ్బిస్తే సంతకం పెట్టి ఉన్న ఫారం ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? - రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: తీసుకోకండి. ఆ కాగితం మీ నాన్నగారి కళ్లు ఎలా ఉన్నాయో చెప్పదు. రేపు ప్రమాదం జరిగి కేసు అయితే, పరీక్షే చేయకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ అని తేలడం చిన్న విషయం కాదు. అంతకుమించి, రోడ్డు మీద ఆయన ప్రాణం, ఎదుటివాళ్ల ప్రాణం రెండూ ఆ పరీక్ష మీదే ఆధారపడి ఉన్నాయి.

నలభై దాటినవారికి రెన్యువల్‌లో ఫారం 1ఎ తప్పనిసరి. ఆరోగ్యం గురించి దరఖాస్తుదారు తానే రాసిచ్చేది ఫారం 1. డాక్టరు పరీక్షించి ఇచ్చేది 1ఎ. డాక్టరు చూడాల్సినవి ఇవి: మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా, హారన్ లాంటి మామూలు శబ్దాలు వినపడతాయా, కాళ్లూ చేతుల్లో బండి నడపడానికి అడ్డొచ్చే లోపం ఉందా. కళ్లజోడు పెట్టుకుని చదివితే చాలు, ఉత్త కళ్లతో చదవనక్కర్లేదు. వినికిడి యంత్రం ఉంటే పెట్టుకునే వెళ్లండి.

వెళ్లేముందు ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. వీధిలో ఆగి ఉన్న కారు దగ్గర నుంచి మామూలు నడకతో 33 అడుగులు వేస్తే దాదాపు 25 మీటర్లు. ఉదయం పూట అక్కడ నిలబడి దూరపు చూపు జోడుతో ప్లేటు చదవమనండి. అంకెలు తడబడితే సంతకం కోసం కాదు, కొత్త జోడు కోసం కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. శుక్లాల ఆపరేషన్ తర్వాత చూపు కుదుటపడి జోడు నంబరు తేలడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆపరేషన్ అయిన వారానికే ఫారం పట్టుకెళితే ఏ డాక్టరైనా వెనకాడతారు, వెనకాడాలి కూడా. కంటి డాక్టరు ఇచ్చిన తాజా చూపు కొలతల కాగితం తీసుకెళ్లి చూపిస్తే మీ డాక్టరుగారి సందేహం చాలావరకు తీరుతుంది.

షుగర్ ఉందని లైసెన్స్ ఆపరు. ఫారం 1లో అడిగేది మూర్ఛ గురించి, ఉన్నట్టుండి స్పృహ తప్పడం, కళ్లు తిరగడం గురించి. ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవారికి షుగర్ పడిపోయే ప్రమాదం నిజంగా ఉంది. స్టీరింగ్ పట్టుకునే ముందు గ్లూకోమీటరులో చూసుకోవాలి. 90 కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని, మళ్లీ చూసుకుని బయల్దేరాలి. 70 కన్నా పడిపోతే అది మామూలుకు వచ్చాక కూడా ముప్పావుగంట బండి ముట్టకూడదు. నంబరు ప్లేటు పరీక్షకు దొరకని జబ్బు ఒకటుంది, నీటికాసులు. ఎదురుగా అంతా స్పష్టంగానే కనిపిస్తుంది, పక్క చూపు మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. సందులోంచి వచ్చే సైకిలు కనపడదు. షుగర్ ఉన్నవారు, అరవై దాటినవారు ఫారం అడగకపోయినా కంటి ఒత్తిడి, రెటీనా, పక్క చూపు పరీక్షలు చేయించుకోవాలి.

ఫారం వెనక్కి రావడానికి జబ్బులకన్నా చిన్న లోపాలే ఎక్కువ కారణం. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు లేకపోవడం, ఫొటో మీద సగం కాగితం మీద సగం పడేలా సంతకం లేకపోవడం, ముద్ర మసకబారడం, పుట్టుమచ్చల గడి ఖాళీగా వదలడం, దిద్దిన చోట సంతకం లేకపోవడం. స్కాన్ చేసేటప్పుడు ముద్ర చదవగలిగేలా ఉందో చూడండి. ఫోన్‌తో నీడలో తీసిన ఫొటో కాకుండా దుకాణంలో స్కాన్ చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రి సివిల్ అసిస్టెంట్ సర్జన్ సంతకం ఉన్న ఫారానికి కౌంటరులో అభ్యంతరం రావడం అరుదు.

ప్రశ్న: మా మామగారికి 78. పక్షవాతం వచ్చి తగ్గింది, ఎడమకాలు కొంచెం బలహీనం. ఆటోమేటిక్ కారైతే నడుపుతానంటారు. ఈ వయసుకు అసలు రెన్యువల్ ఇస్తారా? - కరీంనగర్ పాఠకుడు

జవాబు: చట్టంలో గరిష్ఠ వయసు లేదు. 78 అని మాత్రమే కారణం చూపి ఆపడానికి వీల్లేదు. కాలి బలహీనతను మాత్రం దాచకుండా ఫారంలో రాయాలి. నరాల డాక్టరు చేత ‘ఫలానా తరహా వాహనం నడపగలరు’ అని రాయించి 1ఎకు జతచేయండి. అధికారి ఆటోమేటిక్ లేదా మార్పులు చేసిన వాహనానికి పరిమితం చేసి ఇవ్వవచ్చు. కారులో పెడల్ మార్పులు చేయిస్తే ఆర్‌సీలో నమోదు చేయించడం మర్చిపోకండి.

తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఆ ఆర్డరు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. నోటిమాటగా ‘ఈ వయసులో ఎందుకండీ’ అంటే అది తిరస్కరణ కాదు, ఆర్డరు అడగండి.

ఇంట్లోవాళ్లు చూడాల్సింది వేరే ఉంది. తెలిసిన దారి తప్పడం, బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కడం, బంపరు మీద కొత్త కొత్త గీతలు, రాత్రిపూట ఎదురు లైట్లకు ఆగిపోవడం. ఇవి కనిపిస్తే లైసెన్స్ చేతిలో ఉన్నా తాళంచెవి గురించి మాట్లాడుకోవాలి. ఒక్కసారిగా లాక్కోకండి. ముందు రాత్రి ప్రయాణాలు, తర్వాత హైవే మానిపించి, పొద్దున గుడికీ మార్కెట్టుకూ ఎవరు తీసుకెళతారో కూడా అదే మాటలో తేల్చండి. పెద్దాయన భయపడేది కారు పోతుందని కాదు, ప్రతి పనికీ ఒకరిని అడగాల్సి వస్తుందని.

ప్రశ్న: ఫీజు కట్టి రెండు నెలలైంది. పెండింగ్ అనే చూపిస్తోంది. కార్డు రాలేదు. రసీదు చూపించి నడపవచ్చా? - హనుమకొండ పాఠకుడు

జవాబు: ఫీజు రసీదు లైసెన్స్ కాదు. గడువు తీరకముందు అయితే పాత కార్డు మీద నడపండి, తీరితే ఆగండి. ముందు పెండింగ్ ఏ మెట్టు దగ్గరో చూడాలి. పరిశీలన దగ్గర ఆగితే ఏదో కాగితం మీద అభ్యంతరం పెట్టి ఉంటారు. దరఖాస్తు నంబరుతో తెరిస్తే ఆ వ్యాఖ్య కనిపిస్తుంది, సరిచేసి మళ్లీ ఎక్కించాలి. ఎస్ఎంఎస్ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే అలాగే ఉంటుంది. ఆమోదం అయిపోయి కార్డు ముద్రణ దగ్గర ఆగితే ఇబ్బంది లేదు. కొత్త తేదీతో లైసెన్స్ ప్రభుత్వ ఫోన్ యాప్‌లైన డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో కనిపిస్తే దాన్ని పోలీసులు అసలు కార్డుతో సమానంగా ఒప్పుకోవాలి. 2018 నుంచి నిబంధనే అలా ఉంది. కార్డు పోస్టులో వెళ్లి తలుపు తాళం వేసి ఉందని ఆఫీసుకే తిరిగి రావడం కూడా తరచూ జరుగుతుంది. స్పీడ్ పోస్టు నంబరు అడిగి కనుక్కోండి.

ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. ‘నా దరఖాస్తు ఏ తేదీన ఏ అధికారి దగ్గరకు వెళ్లింది, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది’ అనే రెండే ప్రశ్నలు అడగండి. జవాబుకు 30 రోజుల గడువుంది.

ప్రశ్న: అమ్మానాన్న ఆరు నెలలు మా దగ్గరకు వస్తున్నారు. నాన్నగారి లైసెన్స్ మధ్యలో ముగుస్తుంది. ఇక్కడి నుంచి చేయించవచ్చా? - డాలస్ పాఠకుడు

జవాబు: విమానం ఎక్కకముందే చేయించండి. ఏడాది ముందు నుంచి వీలుందని పైన చెప్పింది సరిగ్గా ఇలాంటి అవసరానికే. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఏడాదికి ఇస్తారు, కానీ అసలు లైసెన్స్ గడువు దాటి చెల్లదు. కాబట్టి ముందు రెన్యువల్, తర్వాత పర్మిట్. ఆయన ఆధార్ ఫోన్ నంబరుకు రోమింగ్ వేయించి పెట్టండి. అప్పటికే బయల్దేరిపోయి ఉంటే ఆయన అక్కడ స్టీరింగ్ ముట్టకుండా తిరిగొచ్చి, గడువు తీరిన ఏడాది లోపు దరఖాస్తు పెడితే టెస్టు తప్పుతుంది.

ప్రశ్న: 63 ఏళ్లు. ఒకప్పుడు లారీ నడిపాను. ఇప్పుడు స్కూటర్, సొంత కారు మాత్రమే. కార్డు మీద రెండు గడువులున్నాయి, ఒకటి ముగిసింది. - సూర్యాపేట పాఠకుడు

జవాబు: ఒకటి రవాణా వాహనాలది, రెండోది సొంత బండ్లది. సొంత బండ్ల తేదీ బతికి ఉన్నంతకాలం మీ స్కూటర్‌కూ కారుకూ ఇబ్బంది లేదు. లారీ మళ్లీ నడపనని నిశ్చయించుకుంటే రవాణా భాగాన్ని రెన్యువల్ చేయించనక్కర్లేదు. చిన్న ట్రాలీ లాంటిది కిరాయికి నడిపే ఆలోచన ఉంటే ఇది గుర్తుంచుకోండి: 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి మామూలు కారు లైసెన్స్ చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. దరఖాస్తులో మాత్రం ఏ తరగతులు కొనసాగించాలో మీరే టిక్కు పెట్టాలి. దుకాణంలో నింపించేటప్పుడు అన్నిటికీ కలిపి పెట్టేస్తే, అక్కర్లేని లారీ తరగతికి కూడా ఆలస్య రుసుము పడుతుంది.